నా పంపు నలిపిన రక్తం

పెర్ఫ్యూజనిస్టు అనే మాటకు మా బంధువుల్లో ఒక్కరికీ నోరు తిరగలేదు. అందుకని పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం పని చేస్తావని అడిగితే "ఆసుపత్రిలో పంపు నడుపుతాను" అనేవాణ్ణి. ఆ పుణ్యాన సంజామల నుంచి మా పెద్దమామ ఒకరోజు ఫోన్ చేసి, తన చేలో బోరు మోటరు నీళ్ళు ఎత్తడం లేదని, ఆదివారం తీరిక చేసుకుని వచ్చి చూసిపొమ్మని అడిగాడు. వెళ్ళాను కూడా. మోటరు బాగుపడలేదు గానీ, జొన్నరొట్టె, వంకాయ కూర కడుపునిండా తిని వచ్చాను.

ఇప్పుడు ఈ విద్య చదువుకుంటున్న పిల్లలకోసం నాలుగు మాటలు రాయమని అడిగారు. గొప్పలు రాద్దామని కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో గొప్పలకు కరువు లేదు, వాటిని మా ఇంట్లోవాళ్ళు రోజూ వింటూనే ఉన్నారు. మీకు మాత్రం ఒక తప్పు గురించి చెబుతాను. గొప్పలు విని ఎవరూ జాగ్రత్త నేర్చుకోరు.

మీకు తెలిసిందే అయినా, ఇంకెవరైనా చదివితే అర్థం కావాలి కాబట్టి పని గురించి రెండు ముక్కలు. గుండెను కోసి కవాటం మార్చాలంటే గుండె కదలకుండా ఉండాలి. అంతసేపూ ఒళ్ళంతా రక్తం తిరగాలి, దానికి ప్రాణవాయువు అందాలి. ఆ రెండు పనులూ మన మిషన్ చేస్తుంది. అందులో పంపు అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. గుర్రపు నాడాలా వంచిన మెత్తని గొట్టం, దాన్ని నొక్కుకుంటూ గుండ్రంగా తిరిగే రెండు రోలర్లు. రోలర్ నొక్కితే గొట్టంలోని రక్తం ముందుకు పోతుంది.

రక్తానికి మాత్రం ఈ ఏర్పాటు బొత్తిగా గిట్టదు. పుట్టినప్పటి నుంచీ దానికి రక్తనాళం లోపలి నునుపు తప్ప వేరే ఇల్లు తెలియదు. ప్లాస్టిక్ తగలగానే ఎక్కడో గాయమైందని కంగారుపడి గడ్డకట్టబోతుంది. గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఇచ్చి దాన్ని జోకొడతాం. గొట్టాల్లో ముందే నింపి ఉంచిన సెలైన్ కలిసి పలచబడుతుంది. గాయాన్ని మూయాల్సిన ప్లేట్‌లెట్లు గొట్టాలకు అతుక్కుని సగం అలసిపోతాయి. రోలర్ల కింద కొన్ని ఎర్రకణాలు పగులుతాయి. కొన్ని పగలడం ఎవరి చేతా తప్పదు. మరీ ఎక్కువ పగిలితే వాటిలోని ఎర్రరంగు పదార్థం బయటపడి కిడ్నీల మీద పడుతుంది. మూత్రం ఎర్రబడుతుంది. ఒక్కోసారి కిడ్నీలే ఆగిపోతాయి.

అందుకే రోలర్ బిగువు చూసుకోవడం మన పనిలో మొదటి పాఠం. గొట్టం నిండా సెలైన్ నింపి, దాని కొసను మనిషి ఎత్తున పట్టుకుంటే, లోపలి నీటిమట్టం మెల్లగా, నిమిషానికో అంగుళం చొప్పున దిగాలి. దిగకుండా నిలిచిపోతే బిగువు ఎక్కువ. గబగబా జారిపోతే తక్కువ. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది. ప్రతి కేసుకూ ముందు చేయాలి.

నేను చేసేవాణ్ణి కాదు.

పెద్ద ఊళ్ళలో ఇరవై ఏళ్ళు పనిచేసి, నంద్యాలలో గుండె ఆపరేషన్లు మొదలుపెట్టిన ఒక ఆసుపత్రికి వచ్చాను. సొంత ప్రాంతం. మాది కొలిమిగుండ్ల పక్కన పల్లె. ఇక్కడ నన్ను మించిన పంపు మనిషి లేడు, ఎందుకంటే ఇక్కడ ఇంకో పంపు మనిషే లేడు. చెట్టులేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు తయారయ్యాను. రోలర్ బిగించే మర మీద నీలం పెన్నుతో ఒక గీత గీసుకున్నాను. ఆ గీత దగ్గరికి తిప్పితే సరిగ్గా సరిపోయేది. చెవి దగ్గర పెట్టి పంపు చప్పుడు వింటే చాలు, బిగువు ఎంతో చెప్పేస్తానని థియేటర్‌లో అందరికీ చెప్పేవాణ్ణి. నర్సులు నమ్మారు. కొంతకాలానికి నేనూ నమ్మాను.

తర్వాత నాకు తోడుగా వచ్చిన రెండో పెర్ఫ్యూజనిస్టు నందికొట్కూరు అమ్మాయి. చదువు అయిపోయి, ఆరేళ్ళు హైదరాబాదులో పనిచేసి వచ్చింది. మాటలు తక్కువ. ప్రతి కేసుకూ గొట్టం పైకెత్తి పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిలబడేది. నేను నవ్వేవాణ్ణి.

"ఏమ్మా, జెండా వందనమా?" అనేవాణ్ణి.

"అలవాటు సార్," అనేది. గొట్టం మాత్రం దించేది కాదు.

ఇక ఆ కేసు. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర చెరుకురసం కొట్టు నడిపే ఆమె. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. చిన్నప్పటి కీళ్ళవాతం గుండెలోని రెండు కవాటాలను తినేసింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఆపరేషన్‌కు ముందురోజు నేను ప్రతి రోగినీ వెళ్ళి చూసేవాణ్ణి, ఎత్తు, బరువు రాసుకోవాలి కాబట్టి. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. పక్కన స్టూలు మీద భర్త.

"నువ్వేనా అప్పా మిషన్ ఆడిచ్చేది?" అంది నన్ను చూడగానే.

"నేనేనమ్మా."

"ఎండాకాలం తగులుకుంటాండాది. కొట్టు మూసిపెట్టి వచ్చినా. మల్ల ఎన్నాళ్ళకు మర కాడ నిలబడతా, నిజం చెప్పు."

రెండు మూడు నెలలు పట్టవచ్చని, అది డాక్టరుగారు చెప్పాలని అన్నాను. భర్త బుర్ర గోక్కున్నాడు.

"ఆమె లేకపోతే ఆ మర నా మాట ఇనదు సార్. పోయిన వారం నేను ఆడిస్తే రసంలో పిప్పి వచ్చె. తాగినోళ్ళు తిట్టిపోయిరి."

"ఇనదు. దానికి నువ్వంటే భయం లేదు," అంది ఆమె.

ముగ్గురం నవ్వుకున్నాం. ఆమెకు రక్తం తక్కువగా ఉంది, కిడ్నీలు కూడా అంతంతమాత్రంగానే ఉన్నాయని రిపోర్టులో చూసి వచ్చాను. ఇలాంటి మనిషికి మిషన్ మీద ఉన్నంతసేపూ రక్తాన్ని మరింత మన్ననగా చూడాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి చేసిన తప్పు కాబట్టే ఇది రాస్తున్నాను.

మర్నాడు ఉదయం గొట్టాలు బిగించే వేళకు పాత స్టాకు అయిపోయి, స్టోర్స్ వాళ్ళు కొత్త కంపెనీ పెట్టె పంపారు. లోపలి కొలత అదే. పెట్టె మీద అంకె చూసి సరే అనుకున్నాను. గొట్టాన్ని పంపులో కూర్చోబెట్టి, మరను నీలం గీత దగ్గరికి తిప్పాను. పంపు చప్పుడు కొంచెం బరువుగా వినిపించింది. కొత్త గొట్టం కదా, బిగుసుగా ఉంటుందిలే అనుకున్నాను. అందరి దగ్గరా అంత పొగుడుకున్న చెవి నిజం చెబితే, దాని మాట నేనే వినలేదు.

మా సహోద్యోగిని గొట్టం కొస చేతిలో పట్టుకుని నిలబడింది.

"సార్, ఒక్కసారి లెవల్ చూద్దామా?"

సర్జన్‌గారు అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు. "నీ జెండా వందనం రేపు చేసుకుందువులే," అన్నాను. పక్కనున్న నర్సు నవ్వింది. ఆ అమ్మాయి గొట్టం కొస నా చేతికిచ్చి, రికార్డు రాయడానికి కూర్చుంది.

అంతా మామూలుగానే సాగింది. గుండె ఆగింది, పంపు నడిచింది, ఒంటిని ఇరవై ఎనిమిది డిగ్రీలకు చల్లబరిచాం. సర్జన్‌గారు మొదటి కవాటం కుట్టడం మొదలుపెట్టారు. ఆయనది గుంటూరు వైపు. చిన్న విషయాలకు థియేటర్ కప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. సూది ఒక రకం బదులు ఇంకో రకం ఇస్తే ఆ రోజు నర్సు పని అయిపోయినట్టే.

సుమారు గంట గడిచాక మత్తు డాక్టరమ్మ నన్ను పిలిచింది. నంద్యాల ఆడబిడ్డే. పక్కనే ఉన్నా కేక వేసి మాట్లాడే మనిషి. ఆ రోజు మెల్లగా పిలిచింది.

"అన్నా, ఒకసారి ఈడ చూడు."

మంచం కింద మూత్రం సంచి. అందులో దానిమ్మ రసం రంగు.

రక్తం ఎక్కించేటప్పుడు గ్రూపు మారినా ఇలాగే అవుతుంది కాబట్టి సర్జన్‌గారు ముందు దాని మీద పడ్డారు. డాక్టరమ్మ ఎక్కిస్తున్న రక్తం సంచి మీది లేబులు గట్టిగా చదివింది. గ్రూపు సరిపోయింది. అప్పుడు నేనేం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. "సర్, మీరు సక్షన్ ఎక్కువ వాడుతున్నారు, గాలితో కలిపి పీలిస్తే కణాలు పగులుతాయి కదా," అన్నాను. కోత దగ్గర చేరిన రక్తాన్ని గొట్టంతో పీల్చి మిషన్‌లోకి పంపడమే సక్షన్, నేనన్నది శాస్త్రం ప్రకారం నిజమే. నా తప్పును ఆయన మీదికి తోయడానికి ఆ నిజం బాగా పనికొచ్చింది. ఆయన వెంటనే సక్షన్ తగ్గించారు.

పది నిమిషాలు గడిచాయి. సంచిలోకి కొత్తగా పడుతున్న చుక్కలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

నందికొట్కూరు అమ్మాయి లేచి వెళ్ళింది. సొరుగులోంచి పాత గొట్టం ముక్క ఒకటి, ఉదయం కత్తిరించగా మిగిలిన కొత్త గొట్టం ముక్క ఒకటి తెచ్చి, రెండింటి కోసిన అంచులూ పక్కపక్కన నా కళ్ళ ముందు పెట్టింది. రంధ్రం ఒకటే. కొత్తదాని గోడ మాత్రం గోరు మందమంత ఎక్కువ. మందపాటి గొట్టాన్ని పాత గీత దగ్గర బిగిస్తే ఏమవుతుంది? రోలర్ దాన్ని రోకలిలా దంచుతుంది. గంటకు పైగా ఆ తల్లి రక్తాన్ని నేనే దంచుతున్నాను.

ఆ క్షణంలో ఒక దొంగ ఆలోచన వచ్చింది. పంపు నడుస్తుండగానే మరను కొద్దిగా వదులు చేస్తే ఎవరికీ తెలియదు. సక్షన్ తగ్గించడం వల్లే ఎరుపు తగ్గిందని అందరూ అనుకుంటారు. చెయ్యి మర దాకా పోయింది కూడా. కానీ ఎంత వదులు చేశానో ఎలా తెలుస్తుంది? మరీ వదులైతే రక్తం వెనక్కి జారుతుంది, మెదడుకు చాలినంత అందదు, మీటరు మీద అంకె మాత్రం బ్రహ్మాండంగా కనబడుతుంది. సరిగ్గా చూడాలంటే పంపు ఆపాలి. పంపు ఆపాలంటే ఎందుకో చెప్పాలి.

"సర్," అన్నాను. "తప్పు నాది. సక్షన్ కాదు. గొట్టం మారింది, నేను బిగువు చూసుకోలేదు. పంపు రక్తాన్ని నలుపుతోంది. ఒకటిన్నర నిమిషం ఆపనిస్తే సరిచేస్తాను."

థియేటర్ కప్పు ఎగిరిపోతుందని కళ్ళు మూసుకున్నాను. సర్జన్‌గారు సూది పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, "టెంపరేచర్ ఎంత?" అన్నారు.

"ఇరవై ఎనిమిది."

"ఆపు."

పెద్ద విషయాలకు ఆయన అరవరని ఆ రోజే తెలిసింది.

పంపు ఆపి, రక్తం కదలకుండా గొట్టాలను నొక్కిపట్టే క్లాంపులు వేశాం. ఏళ్ళ తరబడి విన్న చప్పుడు ఆగిపోతే ఆ గది ఎంత పెద్దదిగా అనిపించిందో చెప్పలేను. ఆ అమ్మాయి సెకన్లు పైకి లెక్కపెడుతోంది. ఇప్పుడు గొట్టం ఎత్తి చూసే వీలు లేదు కాబట్టి, పంపును చేత్తో కొద్దిగా తిప్పి గొట్టంలో ప్రెషర్ పెంచి మీటరు చూశాను. బిగువు సరిగ్గా ఉంటే అది మెల్లగా కిందికి దిగాలి. ముల్లు గోడకు కొట్టిన మేకులా నిలబడిపోయింది. మర వదులు చేశాను. ఇంకొంచెం. ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు. ముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. రెండో రోలర్‌ను కూడా అలాగే చూడాలి. చేతిలో చెమట, మర జారుతోంది. డెబ్బై. డెబ్బై ఒకటి. ఆ అమ్మాయి గొంతులో తొందర లేదు, వణుకు లేదు. రెండోది కూడా దిగింది. క్లాంపులు తీసి పంపు ఆన్ చేశాను. ఈసారి చప్పుడు తేలిగ్గా ఉంది.

ఆ తర్వాత డాక్టరమ్మ మూత్రం ఎక్కువ వచ్చేందుకు మందులిచ్చి కిడ్నీలను కడిగే పనిలో పడింది. రెండో కవాటం కూడా కుట్టారు. గుండె తనంతట తాను కొట్టుకుంది. బయటికి వచ్చాక సర్జన్‌గారు ఆమె భర్తను కూర్చోబెట్టి, మిషన్ మీద ఉండగా రక్తకణాలు ఎక్కువగా నలిగాయని, కిడ్నీలను మూడు రోజులు గమనించాలని, అవసరమైతే డయాలిసిస్ చేయాల్సి రావచ్చని చెప్పారు. ఎవరి చేతిలో నలిగాయో చెప్పలేదు.

ఆ మూడు రోజులూ నేను ఐసీయూలో ఆ మూత్రం సంచి చూడటానికి వెళ్ళినన్నిసార్లు ఏ దేవుడి గుడికీ వెళ్ళలేదు. మొదటి సాయంత్రానికి గులాబీ రంగు. రెండో ఉదయానికి ఎండుగడ్డి రంగు. అంత అందమైన రంగు నేను పట్టుచీరల్లో కూడా చూడలేదు. కానీ రక్తపరీక్షలో, కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ అంకె రెండో రోజు పెరిగింది. మూడో రోజు ఇంకాస్త పెరిగింది. డయాలిసిస్ మిషన్‌ను మంచం పక్కకు తెచ్చి పెట్టారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆమె కోలుకోకపోతే ఇక పంపు ముట్టనని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ నన్ను ఆటపట్టించకపోవడం ఈ ముప్ఫై ఏళ్ళలో అదొక్కసారే.

నాలుగో రోజు అంకె ఒక మెట్టు దిగింది. ఐదో రోజు ఇంకా దిగింది. డయాలిసిస్ మిషన్‌ను వాడకుండానే తోసుకుపోయారు. దాని చక్రాల చప్పుడు వింటూ వరండాలో నిలబడి ఏడ్చాను. నవ్వుతున్నానేమో అనుకుని సెక్యూరిటీ అతను కూడా నవ్వాడు.

వార్డుకు మార్చిన రోజు సర్జన్‌గారి దగ్గరికి వెళ్ళి, ఆమెతో నేనే చెప్పాలనుకుంటున్నానని అన్నాను. "కేసు వేస్తే?" అన్నారు. "వెయ్యనివ్వండి సర్," అన్నాను. అప్పుడాయన "చెప్పు. నేనూ వస్తాను," అన్నారు. నేనే వద్దని, నందికొట్కూరు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. భర్త బత్తాయి ఒలుస్తున్నాడు. దాచకుండా చెప్పాను. గొట్టం మారిందని, గోడ మందమని, రోలర్ బిగువు చూసుకోవాల్సింది చూసుకోలేదని, ఈ అమ్మాయి అడిగితే ఎగతాళి చేశానని, అందువల్లే రక్తం నలిగిందని, కాసేపు మిషన్ ఆపి సరిచేశానని. భర్త చేతిలో బత్తాయి ఆగిపోయింది. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"చెరుకు మారితే బిగువు మార్చాల గదప్పా," అంది. "లావు చెరుకొస్తే మర వదులు చేసుకోవాల. ఏ పనీ రాని మా ఆయనకు గూడా తెల్సు ఆ మాట."

"తెల్సు," అన్నాడు భర్త గర్వంగా. "తెల్సినా నాకు చేసేకి రాదు."

"ఇన్నేళ్ళ నుంచి చేస్తాండావ్, నీకెట్ల తెలీకపాయె?"

"తెలుసమ్మా. పొగరు," అన్నాను.

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. కోపం వచ్చింది, రావాల్సిందే. తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది. దానికి నేను సిద్ధపడి రాలేదు.

"మిషన్ ఆపితి అంటివే. అప్పుడు నా గుండె గూడా ఆగిండె గదా?"

"ఆగిందమ్మా."

"గుండె ఆగె, మిషన్ ఆగె. మరి ఆ కాసేపు నేను యాడుంటి?"

ఒళ్ళు చల్లబరిచామని, చలిలో ఒంటికి రక్తం అవసరం తగ్గుతుందని, అందుకే కాసేపు ఆపినా పరవాలేదని చెప్పుకొచ్చాను.

"ఐసులో పెట్టినారన్నమాట," అంది భర్తతో. మళ్ళీ నా వైపు తిరిగి, "అది కాదప్పా నేను అడిగింది," అంది.

నోటికొచ్చింది అన్నాను. "యాడికీ పోలేదమ్మా నువ్వు. అంతసేపూ ఈ పాప నిన్ను లెక్కపెట్టుకుంటానే ఉండె."

ఆమె ఆ అమ్మాయి వైపు తిరిగింది. చెయ్యి చాచి దగ్గరికి రమ్మంది. సూదుల మచ్చలతో నీలంగా కమిలిన ఆ చేతిని అమ్మాయి రెండు చేతులతో పట్టుకుంది.

"ఎంత దాకా లెక్కపెడితివి పాపా?"

"తొంభై నాలుగు దాకా అమ్మా."

"నూరు కానీలేదు గదా," అంది ఆమె. "చాలు."

థియేటర్‌లో ఎవరు అరిచినా చలించని ఆ పిల్ల, ఆ మంచం అంచున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.